టిక్కెట్టు కొన్న చేతితోనే ఓటు



ఈ వారం వంటలూ, ఊరగాయలూ, పిల్లల జలుబూ కాస్త పక్కన పెడదాం. వ్యాపారస్తులు రాజకీయాలలోకి వస్తే ఏమవుతుంది అనే విషయం మాట్లాడుకుందాం. మెట్రిక్‌తో చదువు ఆపిన ఈవిడకు ఇంత పెద్ద విషయం ఎందుకు అనుకోకండి. నేను డిచ్‌పల్లిలో ఉండేదాన్ని. నాకు బోధన్ ఎంతో దూరం కాదు. నైజాం కాలంలో 1937లో పెట్టిన శక్కర్ ఫ్యాక్టరీ అక్కడిది. మంజీర మీద నిజాంసాగర్ కట్టారు, ఆ నీళ్ళతో చెరుకు పండింది, ఆ చెరుకును నమ్ముకుని శక్కర్‌నగర్ వెలిసింది. 2002లో ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీలో 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు అప్పగించింది. ఆ సంస్థకు చెందిన గోకరాజు గంగరాజుగారు 2014లో నరసాపురం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించారు. తప్పు అమ్మినవారిదా, కొన్నవారిదా, తరువాతి ప్రభుత్వాలదా అన్న తగవు తీర్చడానికి నేను కూర్చోలేదు. కాని ఫలానా పెద్ద వ్యాపారస్తుడు ఎలక్షన్‌లో నిలబడతాడట అనే మాట వినబడితే, మా వైపు ఆడవాళ్ళు చేతిలో పని ఆపి మరీ వింటారు.

అందుకని, వ్యాపారం నుండి రాజకీయానికి వెళ్ళిన ఒక మనిషి కథను మొదటినుండి చివరిదాకా చూద్దామని అనిపించింది. మనందరికీ ముఖపరిచయం ఉన్న మనిషయితే మేలు. దగ్గుబాటి రామానాయుడుగారు తెలియని ఇల్లు లేదు గదా!

ఆయన 1936 జూన్ 6న ఇప్పటి బాపట్ల జిల్లా కారంచేడులో, వ్యవసాయం చేసుకునే కుటుంబంలో పుట్టారు. ఊళ్ళో రైసు మిల్లు నడిపారు. ఆ రోజుల్లోనే 'నమ్మినబంటు' సినిమా షూటింగు ఆ ఊరికి వచ్చింది. రామానాయుడుగారికి సినిమావాళ్ళతో పరిచయం అలా కలిగింది. 1960ల మొదట్లో మద్రాసు చేరి, 1963లో 'అనురాగం' చిత్రానికి భాగస్వామిగా డబ్బు పెట్టారు. అది ఆడలేదు. మిల్లు నడిపినవాడికి ఒక వాయి ధాన్యం నూకయితే రెండవ వాయి పోయడం అలవాటే. పెద్దకొడుకు పేరుతో సురేష్ ప్రొడక్షన్స్ పెట్టి 1964లో 'రాముడు భీముడు' తీశారు. తాపీ చాణక్య దర్శకుడు, డి.వి. నరసరాజు రచన. ఎన్.టి. రామారావుగారు మొదటిసారి రెండు పాత్రలు వేసిన చిత్రం అదే. ఆ కథనే తమిళంలో ఎం.జి.ఆర్.తోనూ, హిందీలో దిలీప్‌కుమార్‌తోనూ తీశారు. ఈ చిత్రాన్నీ, ఈ హీరోనూ కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఆ తరువాత కొన్ని చిత్రాలు దెబ్బతీశాయి. 1971లో 'ప్రేమనగర్' తీసేటప్పటికి, ఇది కూడా పోతే మూటాముల్లె సర్దుకుని ఊరికి పోయి వ్యవసాయం చేసుకుందామని అనుకున్నారట. పోలేదు, నిలబెట్టింది. ఇక్కడ మనం కొంచెం ఆగాలి. ఆ 'ప్రేమనగర్' ఎవరి కథ? కోడూరి కౌసల్యాదేవి గారి నవల. మా అమ్మ దగ్గరున్న ప్రతి అట్ట ఊడిపోయి, వాడకట్టంతా తిరిగి, పదిమంది చేతి పసుపు మరకలతో ఇంటికి వచ్చేది. తరువాత 1973లో 'జీవన తరంగాలు', 1976లో 'సెక్రటరీ', రెండూ యద్దనపూడి సులోచనారాణిగారి నవలలే. మధ్యాహ్నం వంటిల్లు సర్ది, నడుం వాల్చి చదువుకునే ఆడవాళ్ళు ఏ కథకు కళ్ళు తుడుచుకుంటున్నారో కనిపెట్టి, అదే కథను తెర మీదకు తెచ్చిన వ్యాపారి ఆయన. నిర్మాతలు చాలామంది హీరో ఇంటి గుమ్మం చూస్తారు. ఈయన మన గుమ్మం కూడా చూశారు. ఆయన సంపాదనలో మన మ్యాట్నీ టిక్కెట్ల వాటా తక్కువేమీ కాదని నా లెక్క.

పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చినప్పుడు ఆయన కూడా వచ్చి జూబ్లీహిల్స్ కొండమీద స్టూడియో కట్టారు. ఆ రోజుల్లో ప్రభుత్వం ఇక్కడ సినిమాలు తీసేవారికి రాయితీలూ, స్థలాలూ ఇచ్చింది. వ్యాపారస్తుడు రాజకీయంలోకి 'కొత్తగా' వచ్చాడు అంటాం గాని, అది అంత కొత్త ఏమీ కాదు. స్థలం కావాలన్నా, టిక్కెట్టు ధర పెంచాలన్నా, మా చెరుకు ధర తేలాలన్నా సర్కారు గడప తొక్కవలసిందే. తొక్కి తొక్కి, ఏదో ఒక రోజు ఆ గడప లోపలే కూర్చుందామనిపిస్తుంది. ఇది రామానాయుడుగారి మనసులో మాట అనడం లేదు, లోకంలో కనిపించేది చెబుతున్నాను.

1999లో ఆయన తెలుగుదేశం అభ్యర్థిగా బాపట్ల నుండి లోక్‌సభకు గెలిచారు. అప్పటికి వయసు అరవై మూడు. అదే ఏడాది ఆయన నిర్మించిన 'అసుఖ్' అనే బెంగాలీ చిత్రం వచ్చింది, ఋతుపర్ణ ఘోష్ దర్శకుడు. దానికి ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ బహుమతి లభించింది. ఎం.పి. అయినా సినిమా వదలలేదన్నమాట. బాపట్ల పక్కా సముద్రపు ఒడ్డు నియోజకవర్గం. చీరాల నేతవాళ్ళు, రైతులు, బెస్తవాళ్ళు, అందరికీ అవసరాలే. ఆ రోజుల్లో ఒక్కొక్క ఎం.పి.కి తన నియోజకవర్గంలో పనులకు ఏడాదికి రెండు కోట్ల రూపాయలు మంజూరు చేయించే వీలుండేది. అది చాలక సొంత డబ్బు కూడా పెట్టారని చెప్పుకునేవారు. ఆయన చేతికి ఎముక లేదని సినిమావాళ్ళలో పేరుండనే ఉంది. (పిసినారితనం మీద మనల్ని అంతగా నవ్వించిన 'అహ నా పెళ్ళంట' తీసింది కూడా ఈయనే, చూడండి విచిత్రం!)

2004 వచ్చింది. కరువులతో రైతులు విసిగి ఉన్నారు. కాంగ్రెసు ఉచిత కరెంటు అంటున్నది. బాపట్లలో రామానాయుడుగారి మీద కాంగ్రెసు నిలబెట్టింది ఎవరినో తెలుసా? దగ్గుబాటి పురందేశ్వరిగారిని. అవును, ఇంటిపేరు కూడా అదే. ఆయన కారంచేడు కొడుకు, ఆమె కారంచేడు కోడలు. అంతటితో ఆగలేదు, ఆమె ఎన్.టి. రామారావుగారి కుమార్తె. 'రాముడు భీముడు'తో ఈయనను నిర్మాతగా నిలబెట్టిన హీరో కూతురు ఎదురుగా ఉంది, ఆ హీరో 1982లో పెట్టిన పార్టీ గుర్తు ఈయన చేతిలో ఉంది. ఇలాంటి కథ రాసుకొస్తే, మరీ సినిమాగా ఉందయ్యా అని రామానాయుడుగారే తిప్పి పంపి ఉండేవారు.

ఆమె గెలిచారు. ఆ ఏడు రాష్ట్రంలో తెలుగుదేశానికి నలభై రెండింట్లో అయిదే లోక్‌సభ స్థానాలు దక్కాయి కాబట్టి, అది ఆయన ఒక్కరి ఓటమి అనడం న్యాయం కాదు. అయినా చేసినదాని మీద జనం ఒక్క వేటుతో గీత గీసేస్తే ఏ మనిషికి మాత్రం నొప్పి ఉండదు? ఆయన మళ్ళీ ఎన్నికల జోలికి పోలేదు.

ఈ కథ విన్న మా మహిళా మండలి సభ్యురాలు ఒకామె, "పాపం, జేబులోంచి ఇచ్చినా ఓడగొట్టారే అక్కా" అంది. పక్కనున్న పెద్దావిడ వెంటనే, "జేబులోంచి ఇస్తే దాత అయితడు. మా ఇంటి ముంగట మోరీ నిండితే దాత ఎందుకమ్మా, అడిగెటోడు కావాలె" అన్నది. నాకు ఆమె మాటే సబబుగా తోచింది. సినిమా బాగాలేకపోతే మన నష్టం ఒక టిక్కెట్టు, మరుసటి వారం మరో సినిమా ఉంటుంది. ఎం.పి.గారు పార్లమెంటులో మన చెరుకు గురించో, నేత గురించో నోరు విప్పకపోతే అయిదేళ్ళు వేచి ఉండాలి. వ్యాపారస్తుడు ఓటు అడగడానికి వస్తే ఎంత పెడతాడని లెక్క వేసుకుంటాం గాని, ఆయన వ్యాపారం, మన పని ఎదురుబొదురయిన రోజు ఎటు నిలబడతాడని అడగం. బోధన్ చుట్టుపక్కల చెరుకు వేసి, తరువాత వరికి మళ్ళిన ఇళ్ళలో ఈ ప్రశ్న వేడివేడిగా ఉంది.

ఇది మన ఒక్క దేశపు సంగతి కూడా కాదు. ఉక్రెయిన్‌లో పెట్రో పొరోషెంకో అనే ఆయన ఉన్నారు. అది చక్కెరను చెరుకు నుండి కాక బీట్ దుంప నుండి తీసే దేశం. ఆయన కోకో గింజల వ్యాపారంతో మొదలుపెట్టి, మిఠాయి ఫ్యాక్టరీలు కొని, తన ఇంటిపేరు నడిమి అక్షరాలతో 'రోషెన్' అనే చాక్లెట్ల కంపెనీ పెట్టారు. 1998లో పార్లమెంటుకు, 2014లో మొదటి విడత ఓట్లలోనే దేశాధ్యక్ష పదవికి గెలిచారు. గెలిస్తే చాక్లెట్ల కంపెనీ అమ్మేస్తానన్నారు. అమ్మలేదు, 2016లో ట్రస్టుకు అప్పగించానన్నారు. యుద్ధం నెత్తిమీద ఉన్న దేశాన్ని అయిదేళ్ళు నడిపి, 2019 ఏప్రిల్‌లో వొలొదిమిర్ జెలెన్‌స్కీ అనే హాస్యనటుడి చేతిలో ఓడిపోయారు. ఆయనకు వచ్చినవి నూటికి పాతిక ఓట్లు కూడా కావు. అక్కడ కూడా చివరికి సినిమావాళ్ళే అడ్డం వచ్చారు, చూశారా!

రామానాయుడుగారు మాత్రం ఓడి ఇంట్లో కూర్చోలేదు. మళ్ళీ స్టూడియోకే వెళ్ళారు. ఒక్క చేతి మీద అత్యధిక సినిమాలు తీసినందుకు 2008లో గిన్నిస్ పుస్తకంలో పేరు ఎక్కింది. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, 2012లో పద్మభూషణ్ వచ్చాయి. మన పక్కనున్న ఉమ్మడి మెదక్ జిల్లాలో గ్రామీణ యువకులకు వ్యవసాయం నేర్పే శిక్షణ సంస్థ ఒకటి ఆయన పేరున ఉంది. 2015 ఫిబ్రవరి 18న హైదరాబాదులో కన్నుమూశారు. పేపర్లన్నీ 'మూవీ మొఘల్' అనే రాశాయి. బాపట్ల ఎం.పి. అన్నది లోపల ఎక్కడో ఒక ముక్క.