బి.ఏ. పొలిటికల్ సైన్సు, బ్యాంకు అప్పు

కడియం నర్సరీల్లో పనిచేసేవాళ్ల ఇంటి పిల్ల పొలిటికల్ సైన్సు చదువుతానంటే, ‘దాంతో ఏమొస్తుంది?’ అనకండి. ‘ఎక్కడ చదువుతావు?’ అని అడగండి. పక్కనే రాజమహేంద్రవరంలో 1853లో మొదలైన ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఉంది. రోజూ బస్సులో వెళ్లిరావచ్చు, అప్పు మాటే రాకపోవచ్చు. దూరపు ప్రైవేటు యూనివర్సిటీకైతే లెక్క మారుతుంది. పది శాతం వడ్డీకి 4 లక్షలు తెచ్చి పదేళ్లలో తీర్చాలంటే, నెలకు సుమారు 5,300 రూపాయల వాయిదా. పైగా వడ్డీ సబ్సిడీ లేకపోతే, చదివినన్నాళ్లూ వాయిదా ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు. చాలామంది మరిచేది ఇదే! ఇక ఉద్యోగం సంగతి. రాష్ట్ర ప్రభుత్వ గ్రూప్-2 పోస్టుల్లో చాలావాటికి ఏ డిగ్రీ అయినా చాలు. ఆ పరీక్షలో రాజ్యాంగం మీద ప్రశ్నలుంటాయి కనుక ఈ చదువు అక్కరకొస్తుంది. ఉద్యోగం ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేం. సంతకం పెట్టేముందు, చదువయ్యాక కట్టాల్సిన నెల వాయిదా ఎంతో బ్యాంకులో కాగితం మీద రాయించుకోండి.