గురువారం రాత్రి నవ్వులు

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ వేళ నేను చెప్పబోయేది వంట గురించీ కాదు, పిల్లల పెంపకం గురించీ కాదు. నవ్వు గురించి. అలంకార శాస్త్రంలో నవరసాల కింద చెప్పే హాస్యం సంగతి నాకు తెలియదు. రాత్రి అంట్లు సర్దేసి, పొయ్యిగట్టు తుడిచి, పాలు తోడుపెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి టీవీ ముందు కూలబడి నవ్వుతామే, ఆ నవ్వు సంగతి మాత్రం నాకు బాగా తెలుసు.

మాది ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి. పక్కన అంటున్నాను గాని 2012లో ఖమ్మం నగరపాలక సంస్థ అయినప్పుడు మా ఊరూ దాంట్లో కలిసిపోయింది. పగలంతా రాళ్ళు కోసే మిషన్ల చప్పుడు, సాయంత్రం చెరువు మీది గాలి. ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. ఒకరింట్లో తాళింపు వేస్తే ఇంకొకరింట్లో తుమ్ములు వస్తాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

ఈటీవీలో “జబర్దస్త్” మొదలైంది 2013 ఫిబ్రవరి 7న, గురువారం రాత్రి. చూడని ఇల్లు ఉందంటే నేను నమ్మను. చూడమని చెప్పేవాళ్ళిళ్ళల్లో కూడా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తారు. సినిమా కాదు, సీరియల్ కాదు. ఏడుపుల మధ్య ఊపిరి తీసుకున్నట్టుండేది. నలుగురైదుగురు ఒక జట్టు, వాళ్ళకో నాయకుడు. ఒక మంచం, ఒక కుర్చీ, వెనక ఒక గోడ బొమ్మ. పది నిమిషాల్లో ఒక సంసారాన్నో, పోలీసు ఠాణానో, పెళ్ళిచూపులనో నిలబెట్టి నవ్వించి దిగిపోవాలి. ఆ తర్వాత న్యాయనిర్ణేతలుగా కూర్చున్న నాగబాబుగారూ రోజాగారూ మార్కులు వేసేవారు. మధ్యలో ఒక్కొక్క జట్టునూ పిలిచి పరిచయం చెయ్యడానికి మొదట అనసూయ, తర్వాత రష్మి.

ఆ మొదటి ఏడాది జట్లు మా అత్తమ్మకు కంఠతా వచ్చు. ధన్‌రాజ్, వేణు, చమ్మక్ చంద్ర, రాకెట్ రాఘవ, చలాకీ చంటి. మనవళ్ళ పేర్లు తడబడేది గాని వీళ్ళ పేర్లు తడబడేది కాదు. షకలక శంకర్ రామ్‌గోపాల్ వర్మలాగా మాట్లాడుతుంటే, వర్మ ఎవరో తెలియని మా అత్తమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. ఎవరని అడిగితే “ఎవరైతే ఏంలే, ఎవర్నో బాగా పట్టుకున్నాడు” అనేది. అనుకరణ కళ గురించి ఇంతకంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు?

వాళ్ళలో చాలామంది చిన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. వేషం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, సినిమాలో వెనక వరసలో ఒక్క మాట దొరికితే చాలనుకున్నవాళ్ళు. అలాంటివాళ్ళకి ఈ పది నిమిషాలు అన్నం పెట్టాయి, పేరు పెట్టాయి. అది చిన్న సంగతి కాదు. కాబట్టి నేనిప్పుడు చెప్పేది ఆ కార్యక్రమం మీద నేరారోపణ అనుకోకండి. నవ్వినదాంట్లో నా వాటా కూడా ఉంది.

ఆ రోజుల్లో ఆ వేదిక మీద భార్యలు చాలామంది ఉండేవారు, ఆడవాళ్ళు మాత్రం తక్కువ. చీరె కట్టి, జడ వేసుకొని, గాజులు తొడుక్కొని వచ్చేది మగవాళ్ళే. వినోద్, శాంతి స్వరూప్ లాంటి నటులు ఆడవేషంలో పేరు తెచ్చుకున్నారు. ఆడపిల్లలు ముందుకు రాలేదో, తొయ్యడానికీ తన్నడానికీ మగవాడైతే సౌకర్యమనుకున్నారో! నా అనుమానం మాత్రం రెండోదే. నిజంగా ఒక ఆడమనిషిని నిలబెట్టి ఆ చెంపదెబ్బ కొడితే మనకి నవ్వు వచ్చేది కాదు. చీరెలో ఉన్నది మగవాడని తెలుసు కాబట్టి నవ్వాం. దెబ్బ మాత్రం చీరె మీదే పడింది.

మగవాడు ఆడవేషం వెయ్యడం మనకు కొత్త కాదు, తప్పూ కాదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ వేషం తరతరాలుగా మగవాళ్ళే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు జడ ముందుకు వేసుకొని వేదిక మీదికి వస్తే, లోపలున్నది మగవాడంటే నమ్మనివాళ్ళున్నారట. నాటకాల్లో స్థానం నరసింహారావుగారిది అదే ప్రతిభ. 1956లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఐతే ఆ సత్యభామ ఊరికే వచ్చి తిట్లు తిని వెళ్ళే మనిషి కాదు. కలాపమంతా ఆమెదే. ఆమె అలక, ఆమె గర్వం, ఆమె విరహం, ఆమె మాట. మాధవికి మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడే తీరులోనే బోలెడు హాస్యం. అక్కడ మనం ఆమెతో నవ్వుతాం. ఈ గురువారం భార్యకి మాట ఎక్కడుంది? ఆమె అరవాలి, అనుమానపడాలి, లావుగా ఉందని అనిపించుకోవాలి. చప్పట్లు పడే ఆఖరి మాట మటుకు మొగుడిది.

రేడియో వినే అలవాటున్న పెద్దవాళ్ళకి హైదరాబాదు కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం గుర్తుండే ఉంటారు. చిన్నక్క ఒక్క మాట అంటే ఏకాంబరం నోరు మూతపడేది. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. భానుమతిగారి “అత్తగారి కథలు” చదివి నవ్వని కోడలుందా? అందులో అత్తగారి ఛాందసం మీద నవ్వుతాం, పుస్తకం మూశాక ఆ అత్తగారంటే ముద్దొస్తుంది. పెళ్ళిళ్ళలో వియ్యపురాలిని ఎకసక్కెం చేస్తూ మన అమ్మమ్మలు పాడిన పాటల సంగతి సరేసరి. ఆడవాళ్ళకి హాస్యం తెలియదనేవాళ్ళు ఆ పాటలు విని ఉండరు.

ఇక అసలు సంగతి.

అది 2013 వానాకాలం. ఒక గురువారం రాత్రి మా ఇంట్లో చుట్టాలు. మావారి మేనత్త, ఆవిడ కొడుకూ కోడలూ, పిల్లలు. భోజనాలయ్యాక అందరం టీవీ ముందు చేరాం. మొగుడూ పెళ్ళాల పోట్లాట మీద స్కిట్టు. చీరె కట్టినాయన్ని మొగుడు వేషగాడు ఒక్కటి పీకితే ఆయన గిర్రున తిరిగి మంచం మీద పడ్డాడు. మేం పడీ పడీ నవ్వాం. నవ్వినకొద్దీ పక్కవాళ్ళకి వినబడటం లేదని మావారు సౌండు పెంచారు.

తెల్లవారి పాల ప్యాకెట్ల కోసం గుమ్మంలోకి వస్తే పక్కింటి అమ్మాయి నిలబడి ఉంది. పాతికేళ్ళు ఉంటాయేమో. మొగుడు రాళ్ళు పాలిష్ పట్టే పనికి వెళ్తాడు. ఎడమ చెంప వాచింది, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఏమైంది చెల్లీ?” అంటే చెప్పలేదు. కాసేపాగి నెమ్మదిగా అంది: “రాత్రి పిలిచానక్కా. మీరు నవ్వుతున్నారు గదా, వినబడలేదనుకుంటా.”

అంతే. ఇంకో మాట అనలేదు. ప్యాకెట్ తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఆ రోజు చేసిన కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. సోదరీమణులారా, ఆ అమ్మాయిని కొట్టింది టీవీ కాదు. టీవీ లేని రోజుల్లోనూ చేతులు లేచాయి. ఆ సంగతి నాకూ తెలుసు. కాని గోడకి ఇటు పక్క ఉత్తుత్తి దెబ్బకి మేం నవ్వుతూ, అటు పక్క నిజం దెబ్బ వినకపోవడం అనేది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. మావారితో చెప్తే మొదట “దానికీ దీనికీ ఏం సంబంధం?” అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పై గురువారం ఆయనే రిమోట్ తీసుకొని సౌండు తగ్గించారు.

నేను చూడటం మానలేదు. మానేశానని చెప్తే మీరు మెచ్చుకుంటారేమో గాని అది అబద్ధం అవుతుంది. వేరేగా చూడటం మాత్రం మొదలుపెట్టాను. ఎవరి మాటకి నవ్వాను, ఎవరి ఒంటికి నవ్వాను అని నాలో నేను లెక్క చూసుకుంటాను. ఇంట్లో పిల్లల్ని రంగంలోకి దించి, వాళ్ళ గడుసుతనం మీద రాఘవ నవ్విస్తే అందులో ఎవరికీ దెబ్బ లేదు. గెటప్ శ్రీను మనిషినే మార్చేసుకొని వస్తే అది పనితనం. తర్వాతి సంవత్సరాల్లో సత్యశ్రీ, రోహిణి, ఫైమా వంటి ఆడపిల్లలు ఆ వేదిక మీదికి వచ్చాక గాలి కొంత మారింది. సత్యశ్రీ చమ్మక్ చంద్రకి ఎదురు నిలబడి మాటకి మాట అంటుంటే మా అత్తమ్మ కుర్చీలో ముందుకు జరిగి కూర్చునేది. ఒంటి మీద, రంగు మీద వేసే జోకులు మాత్రం పూర్తిగా పోలేదు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆ మొదటి ఏడాది జట్టు నాయకుల్లో ఒకరైన వేణు యెల్దండి 2023 మార్చిలో “బలగం” సినిమా తీశారు. ఊళ్ళల్లో తెరకట్టి మరీ చూశారు ఆ సినిమా. అందులో ఒక విందులో మూలుగ బొక్క దగ్గర బావాబావమరుదులకి మాట పట్టింపు వస్తుంది. వినడానికి ఎంత నవ్వులాట! కాని దానివల్ల ఆ ఇంటి ఆడబిడ్డ ఇరవై ఏళ్ళు పుట్టింటి గడప తొక్కదు. నవ్వించడం తెలిసినవాడే ఆ నవ్వులాట ఖరీదు ఎవరు కట్టారో కూడా చూపించాడు. నేను సినిమా హాల్లో ఏడ్చింది ఆ లచ్చవ్వ కోసమే.

మళ్ళీ మా వీధికి వస్తాను. ఆ ఏడాది సద్దుల బతుకమ్మ నాడు, బతుకమ్మల్ని చెరువులో వదిలి వచ్చి, సత్తుపిండి పంచుకున్నాక, మనమూ ఒక స్కిట్టు వేద్దాం అన్నారు పిల్లలు. నేను భార్యని. మొగుడి వేషం ఎవరంటే ఎవరూ ముందుకు రాలేదు. పక్కింటి అమ్మాయి “నేనేస్తా” అంది. మావారి లుంగీ, చొక్కా తెచ్చి ఇచ్చాను. కాటుకతో మీసం దిద్దాను. నా చెయ్యి వణికింది గాని ఆ అమ్మాయి ముఖం కదల్లేదు.

మేం అనుకున్న కథ చాలా చిన్నది. మొగుడు వచ్చి కూరలో ఉప్పు లేదంటాడు, చెయ్యెత్తుతాడు, నేను అట్లకాడ విసురుతాను, ఆయన పరుగెత్తుతాడు. ఉప్పు మాట దాకా బాగానే నడిచింది. గొంతు మార్చి “ఏమే” అని పిలిస్తే పిల్లలు విరగబడి నవ్వారు. తర్వాత చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేసింది. నా వైపు చూడటంలేదు; ప్రహరీ గోడ అవతల నిలబడ్డ మగవాళ్ళ వైపు చూస్తోంది. అక్కడ ఆమె మొగుడు చంటిదాన్ని ఎత్తుకొని ఉన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. నాకు అట్లకాడ విసరాలన్న సంగతే గుర్తు లేదు.

ఎంతసేపయిందో తెలియదు. కుర్చీలోంచి మా అత్తమ్మ అంది: “దించవే అమ్మాయ్ చెయ్యి. గుంజుద్ది.”

ఆడవాళ్ళందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. ఆ అమ్మాయి కూడా, మీసం చెరిగిపోయేదాకా నవ్వింది. గోడ అవతల ఒకరిద్దరు మగవాళ్ళు నవ్వారు. ఆమె మొగుడు మాత్రం నవ్వలేదు. చంటిదాని టోపీ సర్దుతూ తలవంచుకొని ఉండిపోయాడు.

ఆ రాత్రితో ఆ ఇంట్లో అన్నీ చక్కబడ్డాయని నేను చెప్పను. ఇంకో రెండుసార్లు మా మామయ్యగారూ మావారూ వెళ్ళి గట్టిగా మాట్లాడవలసి వచ్చింది. ఒకసారి ఆమె పుట్టింటివాళ్ళు మధిర నుంచి వచ్చి నెలరోజులు తీసుకెళ్ళారు. ఐతే ఆ తర్వాత గురువారం తొమ్మిదిన్నరకి ఆ అమ్మాయి చంటిదాన్ని నిద్రపుచ్చి మా ఇంటికి వచ్చి కూర్చునేది. తనకి నచ్చని స్కిట్టు వస్తే లేచి వంటింట్లోకి వెళ్ళి అందరికీ మంచినీళ్ళు తెచ్చేది. గ్లాసుల చప్పుడు వినబడితే మా అత్తమ్మ “ఇది బాలేదంటోంది, వేరేది పెట్టండి” అనేది.