ఊరి సొమ్ముకు ఊరే లెక్క అడగాలి

 

బ్యాంకు కౌంటరు వెనకే నా జుట్టు నెరిసింది. కాబట్టి నాకు తెలిసిన విషయమే చెబుతాను. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది బీకాం వాళ్ళు. రేపో మాపో ఏ బ్యాంకులోనో, ఫైనాన్స్ కంపెనీలోనో, బీమా ఆఫీసులోనో చేరతారు. చేరాక ఏడాదికోసారైనా ఒక ఫొటోలో నిలబడాల్సి వస్తుంది. నిలువెత్తు అట్ట మీద అచ్చువేసిన చెక్కు, దాని వెనక నలుగురు అధికారులు, ముందు వరుసలో బడిపిల్లలు. ఈ రోజు ఆ ఫొటో గురించి మాట్లాడదాం.

ఆ చెక్కులోని డబ్బు ఎక్కడిది? దుబాయి ఎండలో పనిచేసి కొడుకు పంపిన జీతం, కోరుట్లలో బీడీలు చుట్టే అమ్మ దాచుకున్న పొదుపు, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే కార్మికుడు కుదువపెట్టిన పుస్తెలతాడు మీద కట్టిన వడ్డీ, జగిత్యాల మామిడి రైతు తీర్చిన పంట రుణం. ఇవన్నీ కలిస్తేనే సంస్థకు లాభం. అందుకే ఆర్థిక సంస్థ ఊరికి ఇచ్చినదాన్ని దయగా చూడకండి. ఊరి సొమ్ములో కొంత ఊరికి తిరిగొచ్చింది, అంతే. తిరిగొచ్చిన సొమ్ముకు దండం పెట్టడం కన్నా లెక్క అడగడం మంచిది.

లెక్క అడగడానికి చట్టమే దారి చూపింది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు - ఈ మూడింటిలో ఏ ఒక్క హద్దును చేరుకున్న కంపెనీ అయినా గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పనులు, రాజకీయ పార్టీలకిచ్చే చందాలు ఈ లెక్కలోకి రావు. ఈ ఖర్చు మొత్తంలో పరిపాలన ఖర్చులు 5 శాతం దాటకూడదు. తాను వ్యాపారం చేస్తున్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఏ పని చేపట్టారో కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి, వార్షిక నివేదికలో చూపాలి. మన కౌన్సిలర్లు, సర్పంచులు ఆ నివేదిక తెరిచి, మా ఊళ్ళో మీకు బ్రాంచి ఉంది కదా, మా ఊరి పేరు ఇందులో ఏదీ అని అడగవచ్చు. అడిగేవాళ్ళకు ఆ నివేదిక చదివి పెట్టాల్సింది మీరే.

అయితే జాతీయం చేసిన బ్యాంకులకూ సహకార బ్యాంకులకూ ఈ సెక్షన్ వర్తించదు. అవి వేరే చట్టాల కింద పుట్టాయి. మరి వాటికి ఊరితో ఏం బంధం? 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య ఏడు సూత్రాలు ఖరారు చేసింది. వాటిలో ఏడోది చుట్టూ ఉన్న సమాజం బాగోగులు చూడడం. జగిత్యాలలోనే ప్రధాన కార్యాలయం ఉన్న గాయత్రి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకును తీసుకోండి. ఇలాంటి బ్యాంకులో అప్పు తీసుకున్నవాడే వాటాదారు, సర్వసభ్య సమావేశంలో లేచి ప్రశ్నించేవాడూ అతనే. సిరిసిల్ల వాళ్ళకు సెస్ గురించి నేను చెప్పాలా? 1970లో మొదలైన ఆ సహకార విద్యుత్ సంఘం పల్లెలకు కరెంటు ఇచ్చింది దానంగా కాదు, సభ్యుల హక్కుగా. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు నిలబెట్టిన సహకార సంఘం రైతుకు అప్పు ఇవ్వడంతో ఆగలేదు. ఆ రైతు పంటను అమ్మిపెట్టే బాధ్యత కూడా తీసుకుంది. పంటకు ధర దక్కితే అప్పు దానంతట అదే తీరుతుందని వాళ్ళకు తెలుసు.

ఇక ఇచ్చే పద్ధతి చూద్దాం. మా మండలంలో ఒక సర్కారు బడికి ఓ కంపెనీ మంచినీళ్ళ ప్లాంటు ఇచ్చింది. కంపెనీ పేరు వద్దు. రిబ్బన్ కత్తిరించారు, బోర్డు పెట్టారు. ఫిల్టర్ మార్చే ఖర్చు ఎవరిదో ఎవరూ మాట్లాడుకోలేదు. కొన్నాళ్ళకు నీళ్ళు ఆగాయి. పిల్లలు మళ్ళీ ఇంటి నుంచి సీసాలు మోసుకొస్తున్నారు. బోర్డు మాత్రం మెరుస్తూనే ఉంది. ఇచ్చేముందు ఆ బడి హెడ్మాస్టరును, వంట చేసే అమ్మను కూర్చోబెట్టి అడిగి ఉంటే, మాకు ప్లాంటు కన్నా ఆడపిల్లల మరుగుదొడ్డికి నీటి కనెక్షన్ ముందు కావాలని చెప్పేవాళ్ళేమో. పుచ్చుకునేవాళ్ళను అడగకుండా ఇచ్చినది ఎక్కువకాలం నిలవదు.

అయినా విరాళం చిన్న సంగతి. ఆర్థిక సంస్థ చేయగల పెద్ద మేలు దాని కౌంటరు దగ్గరే ఉంది. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. 436 రూపాయలు కడితే జీవన్ జ్యోతి బీమా యోజన కింద ఏ కారణంతో పోయినా 2 లక్షలు. రెండూ 2015లో మొదలైనవే. ఖాతాలో నుంచి ఆ సొమ్ము ఏటా కట్ అవుతుంది. మనిషి పోయాక ఆ ఇంట్లో చాలాసార్లు ఆ సంగతే తెలియదు. భర్త పోయిన స్త్రీ పాస్‌బుక్ పట్టుకుని వస్తుంది. ఎంట్రీల మధ్య ఆ చిన్న మొత్తాన్ని గుర్తుపట్టాల్సింది క్లర్కే. ఆధార్‌లో లక్ష్మి, పాస్‌బుక్‌లో లచ్చవ్వ. ఆ రెండు పేర్లూ ఒక మనిషివేనని రుజువు కాగితం ఎక్కడ తేవాలో చెప్పి, క్లెయిమ్ ఫారం దగ్గరుండి నింపించడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటను ఏ సంస్థా వార్షిక నివేదికలో రాయదు. అది ఆ ఇంటికి 2 లక్షల రూపాయలు.

కౌంటరు దగ్గర మేలు జరిగినట్టే కీడూ జరుగుతుంది. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడి ఆత్మహత్యల దాకా పోయింది. ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వసూళ్ళు ఇళ్ళ ముందు కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలని కట్టడి చేయాల్సి వచ్చింది. వారం వారం గడప ముందు నిలబడి తల్లి పరువు తీసి, ఆమె బిడ్డకు బడి సంచి పంచితే దాన్ని సేవ అనరు.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. బ్యాంకులో ఉన్న డబ్బు మేనేజరుది కాదు, డైరెక్టర్లది కాదు, డిపాజిటర్లది. దాన్ని ఇష్టమొచ్చినట్టు పంచిపెట్టే హక్కు ఎవరికీ లేదు. డైరెక్టర్లకు గానీ వాళ్ళ బంధువులకు గానీ సంబంధమున్న ట్రస్టులకు సహకార బ్యాంకులు విరాళాలు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది అందుకే. 2001లో హైదరాబాద్‌లో కృషి సహకార బ్యాంకు కుప్పకూలినప్పుడు పింఛను డబ్బులు దాచుకున్న ముసలివాళ్ళు తాళాలేసిన షట్టర్ల ముందు నిలబడ్డారు. బ్యాంకు చేసే మొదటి సేవ అడిగిన రోజున డిపాజిట్ తిరిగి ఇవ్వగలగడం. రెండోది న్యాయమైన వడ్డీకి అప్పు ఇవ్వడం. విరాళం వరుస ఆ తర్వాతే.

సిరిసిల్లలో ఆసామికి నూలు కొనడానికి సమయానికి అప్పు పుడితే సాంచాలు ఆగవు. సాంచాలు ఆగకపోతే కార్మికుడి ఇంట్లో అన్నదానం అవసరం రాదు. ఏ సంస్థలో చేరినా ఈ లెక్క మరవకండి.

పట్టా పుచ్చుకున్న మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే మీ సంస్థ సామాజిక ఖర్చు నివేదిక చదవండి. విరాళాల కమిటీలో కూర్చునే అవకాశం వస్తే, ఇది ఎవరు అడిగారు, మూడేళ్ళ తర్వాత ఎవరు నడుపుతారు అన్న రెండు ప్రశ్నలు మినిట్స్‌లో రాయించండి. సంతకం పెట్టలేని అవ్వ వచ్చినప్పుడు లంచ్ టైమ్ బోర్డు తిప్పకండి. ఉద్యోగం రాని వాళ్ళకు కూడా పని ఉంది. మీ వాడలో ఈ ఏడాది చనిపోయినవాళ్ళ పాస్‌బుక్కులు ఒక్కసారి చూసి పెట్టండి. పదేళ్ళుగా ఎవరూ ముట్టని ఖాతాలు రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో దొరుకుతాయేమో వెతికి ఇవ్వండి. దానికి చెక్కు అక్కర్లేదు, మీరు చదివిన చదువు చాలు.

మీ అమ్మానాన్నలు ఫీజు కట్టడానికి ఏ బ్యాంకు మెట్లెక్కారో, అక్కడ వాళ్ళతో ఎవరు ఎలా మాట్లాడారో మీకు తెలుసు. ఆ కుర్చీలో మీరు కూర్చున్న రోజున అంతకన్నా బాగా మాట్లాడండి.