ఇల్లు ఎవరిది?



మన రాత్రి బడికి ఒక అక్క మూడు రోజులు రాలేదు. నాలుగోనాడు వచ్చింది. చెంప కమిలి ఉంది. "గడప తగిలిందమ్మా" అంది. అందరూ వెళ్ళాక అసలు మాట చెప్పింది. "ఇల్లు నాది, ఉంటే ఉండు, లేకపోతే పో అంటాడు టీచరమ్మా. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోను?"

ఇది ఆమె ఒక్కదాని బాధేనా? ఆలోచించండి.

భర్తగాని, అత్తింటివారుగాని క్రూరంగా హింసిస్తే మూడేళ్ళ వరకు జైలుశిక్ష వేయవచ్చని 1983లో చట్టం వచ్చింది. అదే 498-ఎ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. మంచిదే. కాని మొగుడు జైలుకు పోతే పొయ్యి ఎలా వెలుగుతుంది? ఎక్కడ తలదాచుకోవాలి? ఆ భయంతో ఎందరో నోరు మూసుకున్నారు. పెద్దమనుషులు కూడా సర్దుకుపొమ్మనే అన్నారు.

అందుకే 2005లో గృహహింస చట్టం చేశారు. 2006 అక్టోబరు 26 నుంచి అది అమల్లో ఉంది. పట్టా ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసే ఇంట్లో ఉండే హక్కు మనకుంది. కోర్టు చెప్పకుండా గెంటివేయకూడదు. అత్తమామల ఇంటికి కూడా ఇది వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్యకే కాదు, కలిసి ఉండే తల్లికి, అక్కచెల్లెళ్ళకు కూడా ఈ చట్టం అండ.

కొట్టడమొక్కటే హింస కాదు. బూతులు తిట్టడం, కూలి డబ్బులు లాక్కోవడం, లైంగికంగా బాధించడం కూడా హింసే. కొట్టవద్దని కోర్టు ఆజ్ఞ ఇస్తుంది. ఖర్చులు ఇప్పిస్తుంది. రక్షణ కోసం ఇచ్చిన ఆజ్ఞ మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా. రెండూ పడవచ్చు.

ఎవరికి చెప్పాలి? జిల్లాలో రక్షణాధికారి ఉంటారు. పోలీసు స్టేషన్ ఉంది. 181కి ఫోన్ చేయవచ్చు. మన తరఫున పక్కింటివారైనా చెప్పవచ్చు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. రాజీ కాగితమైనా, ఫిర్యాదు అయినా, చదవకుండా సంతకం పెట్టవద్దు. పోలీసులు కేసు నమోదు చేస్తే ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. మనం అక్షరాలు నేర్చింది ఇందుకే కదా!

ఆ అక్క ఇప్పుడు దరఖాస్తు రాస్తానంటోంది. రేపు రాత్రి బడిలో అందరం కలిసి రాద్దాం. మీరూ రండి. పక్కింటి అక్కను కూడా తీసుకురండి.