మోతాదు లెక్కలో లేని మనుషులు: మలేరియా, తల్లులు, పసిపిల్లలు

(విద్యార్థుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మలేరియా అంటే మనలో చాలామందికి వానాకాలపు చలిజ్వరం. ఒక రక్తపరీక్ష, నాలుగు మాత్రలు, వారం రోజుల నీరసం. ఆసుపత్రి దగ్గరున్న పెద్దవాళ్లకు అది నిజమే కావచ్చు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సంవత్సరానికి వేసిన అంచనా చూడండి: 26.3 కోట్ల కేసులు, 5,97,000 మరణాలు. ఆ మరణాల్లో 95 శాతం ఆ సంస్థ ఆఫ్రికా ప్రాంతంగా లెక్కించే దేశాల్లోనివే. అక్కడ చనిపోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు అయిదేళ్లు నిండని పిల్లలు. రోజుకు వెయ్యిమందికి పైగా పిల్లలన్నమాట. ఈ వార్త ఏ పత్రికలోనూ మొదటి పేజీకి రాదు.

పిల్లలే ఎందుకు? మలేరియా ఎక్కువగా ఉన్న చోట మనిషికి రోగనిరోధక శక్తి మెల్లగా, ఏళ్ల తరబడి జ్వరాలు పడి లేచాకే వస్తుంది. అది వచ్చేదాకా బతికి ఉండాలి కదా! ఫాల్సిపారమ్ పరాన్నజీవి ఎర్ర రక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన రక్తహీనత తెస్తుంది. కొందరిలో మెదడును దెబ్బతీస్తుంది. ఆ దశలో ఒకటి రెండు రోజుల ఆలస్యం చాలు, ప్రాణం పోవడానికి. బతికిన పిల్లల్లో కొందరికి మూర్ఛలు, మాటలో ఇబ్బంది, చదువులో వెనకబాటు మిగులుతాయి. పదేళ్ల తర్వాత ఆ పిల్లవాడు పరీక్ష రాస్తే మనం దానికి మెరిట్ అని పేరు పెడతాం.

ఇక గర్భిణుల సంగతి. ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే వైద్య విద్యార్థులు కూడా దీన్ని రెండు వాక్యాల్లో చదివి వదిలేస్తారు. చిన్నప్పటి నుంచీ దోమకాట్లు తిని, నిరోధక శక్తి సంపాదించుకున్న స్త్రీ కూడా మొదటి కాన్పులో మళ్లీ ప్రమాదంలో పడుతుంది. మాయ అనేది శరీరంలో కొత్తగా ఏర్పడిన అవయవం. పరాన్నజీవి చేరిన ఎర్రకణాలు వీఏఆర్2సీఎస్ఏ అనే ప్రొటీన్ సాయంతో ఆ మాయకు అతుక్కుంటాయి. ఆమె శరీరం ఆ రూపాన్ని ఇదివరకు చూడలేదు. వేలి నుంచి తీసిన రక్తంలో క్రిమి కనిపించకపోవచ్చు, జ్వరం కూడా రాకపోవచ్చు. లోపల మాత్రం బిడ్డకు అందాల్సిన పోషణ తగ్గిపోతూ ఉంటుంది. తల్లికి రక్తహీనత, బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టడం, కొన్నిసార్లు కడుపులోనే చనిపోవడం. మలేరియా బాగా ఉన్న 33 ఆఫ్రికా దేశాల్లో 2023లో సుమారు 3.6 కోట్ల గర్భాలుంటే, వాటిలో 1.24 కోట్ల మందికి ఈ ఇన్ఫెక్షన్ సోకిందని అంచనా. ఈ లెక్క ఆ 33 దేశాలకే. మన పాడేరు, మల్కన్‌గిరి కొండల గర్భిణులు ఇందులో లేరు.

నివారణ లేదా అంటే ఉంది. ఆఫ్రికాలో నాలుగో నెల నుంచి, నెలకు తక్కువ కాకుండా ఎడం పెట్టి, ప్రతి గర్భిణీ పరీక్షకూ సల్ఫాడాక్సిన్-పైరిమెథమైన్ మాత్రలు ఇవ్వమంటారు. కనీసం మూడుసార్లు. పాత మందు, చౌక మందు. అయినా మూడు మోతాదులూ అందినవాళ్లు సగం కంటే తక్కువ. ఆసుపత్రి దూరం, కూలి పోతుందన్న భయం, వెళ్లిన రోజు స్టాకు లేకపోవడం, సిబ్బంది చీదరింపు. ఈ కారణాలు మన బస్తీల్లో, మన గూడేల్లో తెలియనివా?

అంతకంటే నన్ను కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. మొదటి మూడు నెలల గర్భిణికి మలేరియా వస్తే, మిగతా అందరికీ ఇచ్చే ఆర్టెమిసినిన్ కలయిక మందును ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2022లో. అప్పటిదాకా ఏడు రోజుల క్వినైన్, చెవుల్లో హోరు, వాంతులు. గర్భిణులను మందుల పరీక్షల్లోకే తీసుకోకపోతే ఆధారం ఎక్కడినుంచి వస్తుంది? చివరికి, గర్భమని తెలియకముందే ఆ మందు వాడిన స్త్రీల వివరాలు కూడబెట్టి చూస్తే గానీ తేలలేదు. నవజాత శిశువుల కథా ఇదే. అయిదు కిలోల లోపు పసికందు కోసం తయారైన మలేరియా మందుకు స్విట్జర్లాండ్ నియంత్రణ సంస్థ ఆమోదం ఇచ్చింది 2025 జూలైలో. రక్షణ పేరుతో పక్కన పెట్టడం మనకు బాగా తెలిసిన పద్ధతే.

మన దేశానికి వస్తే, ఒడిశాలో 2016లో నాలుగు లక్షలు దాటిన కేసులు 2019కి 40 వేల లోపుకు దిగాయి. ‘దమన్’ కార్యక్రమంలో సిబ్బంది మారుమూల ఊళ్లకు వెళ్లి జ్వరం లేనివాళ్లకు కూడా పరీక్ష చేశారు, దోమతెరలు పంచారు. ఆదివాసులకు అవగాహన లేదు అనే మాట ఎంత సోమరి మాటో ఇది చెబుతుంది. రోగి రావాలని కూర్చోకుండా ప్రభుత్వం కొండెక్కితే ఫలితం వచ్చింది.

వివాక్స్ రకం మలేరియాలో ఒక చిక్కుంది. అది కాలేయంలో నిద్రపోయి మళ్లీ లేస్తుంది. దాన్ని చంపే ప్రైమాక్విన్ గర్భిణికీ, ఏడాది నిండని బిడ్డకూ ఇవ్వకూడదు. అంటే ఆమె కాన్పయ్యేదాకా జ్వరం తిరగబెట్టే ప్రమాదంతోనే ఉండాలి. కాన్పు తర్వాత ఆమెను గుర్తుపెట్టుకుని వెళ్లేవాళ్లు ఉండాలి. ఆశా కార్యకర్త గౌరవ వేతనంతో నెట్టుకొస్తుంటే ఈ పని ఎవరు చేస్తారు?

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికి మేలని, ఆ భారంలో ఎక్కువ పాలు ప్రభుత్వం మోయాలని వాదించారు. మలేరియా గురించి ఆయన అక్కడ మాట్లాడలేదు. కానీ గర్భిణి ఆరోగ్యం కుటుంబం సొంత గొడవ కాదన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

టీకాల గురించి అడుగుతారని తెలుసు. ఆర్‌టీఎస్,ఎస్ టీకాను 2021లో, ఆర్21ను 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. రెండోదాన్ని పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది. మొదటిదాని ధరను 2028కల్లా డోసు అయిదు డాలర్ల లోపుకు దించుతామని హైదరాబాద్ భారత్ బయోటెక్, జీఎస్‌కే 2025లో ప్రకటించాయి. ఘనా, కెన్యా, మలావీల్లో ఆర్‌టీఎస్,ఎస్ వేసిన చోట అన్ని కారణాల వల్ల జరిగే పిల్లల మరణాలు 13 శాతం తగ్గాయి. మంచిదే. అయితే అవి సుమారు అయిదు నెలలు నిండిన పిల్లలకు. తల్లికి కాదు, అప్పుడే పుట్టిన బిడ్డకు కాదు. పైగా 2025లో అమెరికా విదేశీ సాయం ఆపేయడంతో దోమతెరలు, మందుల సరఫరా చాలా చోట్ల దెబ్బతింది. ఒక దేశపు ఎన్నికల ఫలితం మీద ఇంకో ఖండపు పిల్లల ఊపిరి ఆధారపడటం దానం అవుతుందేమో గానీ, హక్కు మాత్రం కాదు.

1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు తాగింది హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది, వీలైతే వెళ్లి చూడండి.

మీలో ప్రజారోగ్యం చదివేవాళ్లకు ఒక పని. మీ జిల్లా మలేరియా నివేదిక తీసుకుని, కేసుల్లో గర్భిణులు ఎంతమంది, ఏ కులం, ఏ తెగ, ఏ ఊరు అని వెతకండి. దొరికితే నాకు పంపండి. దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో ఇప్పుడే మాట్లాడుకుందాం. ప్రశ్నలు అడగండి.