మొదటి ఆట మనదే, మర్యాద ఏది?

(బోరంచల విద్యార్థులు, ఉద్యోగులు కూడిన సభల చేసిన ప్రసంగ పాఠం)



నల్లపోచమ్మ తల్లి కొలువైన ఊర్ల, మంజీర ఒడ్డున కూసోని సినిమా ముచ్చట ఏందని పెద్దమనుషులు అనొచ్చు. నీళ్ల గురించి మాట్లాడాలె, కొలువుల గురించి మాట్లాడాలె, చెరుకు రైతు గురించి మాట్లాడాలె. నిజమే, అవన్ని మాట్లాడుదాం. కానీ మన పోరగాండ్లు పైసకు పైస కూడబెట్టి, బండి మీద ముగ్గురు కూసోని, రాత్రికి రాత్రి ఖేడ్‌కో, జహీరాబాద్‌కో, పట్నానికో దేనికోసం పోతున్నరో దాన్ని ఇడిసిపెట్టి మాట్లాడితే అది సగం మాటే అయితది. గందుకే ఇయ్యాల మొదటి రోజు, మొదటి ఆట గురించి మాట్లాడుతం.

సినిమా చూడొద్దని చెప్పెతందుకు మేం రాలేదు. అభిమాన నటుడి బొమ్మ తెర మీద పడంగనే ఈల ఏసుడు తప్పు కాదు. పీర్ల పండుగల అలాయి చుట్టు ఆడినోళ్లం, బోనాలల్ల పోతరాజు ముందట ఎగిరినోళ్లం. పదిమందితోని కలిసి సంబురపడుడు మనకు పుట్టుకతోని వచ్చింది. పొద్దంత చెరుకు కొట్టినోనికి, ఏడాదంత పరీక్షలకు చదివినోనికి ఆ మూడు గంటలు పానం తేలికైతది. దాన్ని ఎక్కిరించే హక్కు ఎవలకూ లేదు. మేం అడిగేది ఒక్కటే. సంబురం మనది, పైసలు మనయి, గొంతు మనది. మరి ఆ రోజు మనకు దక్కే మర్యాద ఎంత?

సినిమా యాపారంల మన జాగకు పేరేందో చూడుండ్రి. కోస్తను ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణ, గుంటూరు, నెల్లూరు అని పంచుకున్నరు. 1800 సంవత్సరంల నిజాం కుంఫిణోళ్లకు రాసిచ్చిన జిల్లాలు గనుక రాయలసీమను ఇప్పటికీ ‘సీడెడ్’ అంటరు. మనం మటుకు ‘నైజాం ఏరియా’. నిజాం రాజ్యం 1948 సెప్టెంబర్‌ల పోయింది. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. సినిమా లెక్కల బుక్కుల మాత్రం మనం ఇంకా నైజామే. ఒక ప్రాంతం పేరు తెల్వకుండనే దాని వసూళ్లు ఎంతో పొద్దుగూకకముందే లెక్క తేలుస్తరు. మనం వాళ్లకు మనుషుల లెక్క కనబడుతున్నమా, వసూళ్ల లెక్క కనబడుతున్నమా? అడగాల్సిన మాట ఇది.

ఈ యాపారం ఎట్ల నడుస్తదో జర ఇప్పి చూద్దాం. పెద్ద హీరో సినిమా అంటే నిర్మాత ఏరియాల వారీగ హక్కులు అమ్ముతడు. కొన్నోడు కోట్లు ముందే పెడతడు. సినిమా బాగున్నదా లేదా అనే ముచ్చట మొదటి ఆట ఇడిసేసరికే బయట పడుతది. ఆ ముచ్చట ఊర్లు తిరగకముందే పెట్టిన పైసలు రాబట్టుకోవాలె. అందుకే మొదటి మూడు నాలుగు రోజులకు అంత ఆరాటం, బెనిఫిట్ షోలు, అర్ధరాత్రి ఆటలు, రేట్లు పెంచమని సర్కారు కాడ దరఖాస్తులు. సంతల ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూస్తం, నడక చూస్తం, తోలి చూస్తం. మొదటి ఆట టికెట్ కొనేటోడు ఏదీ చూడడు. నమ్మకంతోని కొంటడు. గసొంటోని కాడ ధర తక్కువ ఉండాలె గదా? ఇక్కడ ఉల్టా. ఎవనికి ప్రేమ ఎక్కువున్నదో వాని కాడనే ఎక్కువ గుంజుతరు.

లెక్కలు చెప్తం. 2021 డిసెంబర్‌ల తెలంగాణ సర్కారు జీవో ఇచ్చింది. ఏసీ ఉన్న మామూలు థియేటర్ల టికెట్ గరిష్ఠంగ 150 రూపాయలు, మల్టీప్లెక్సుల 250 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఇది రాసుకున్న ధర. కానీ పెద్ద సినిమా వచ్చినప్పుడల్ల దాని కోసం ప్రత్యేకంగ ఇంకో ఉత్తర్వు వస్తది. 2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ ముందస్తు ఆటకు మామూలు ధర మీద ఇంకో 800 రూపాయలు తీసుకోవచ్చని అనుమతి ఇచ్చిండ్రు. టికెట్ వెయ్యి దాటింది. ఆ యేడు తెలంగాణల ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. అంటే మన తండాల మనిషి మూడు దినాలు ఎండల మట్టి మోస్తె కూడ ఒక్క టికెట్ రాదు. చెరుకు కొట్టెతందుకు కుటుంబంతోని కర్ణాటకకు, మహారాష్ట్రకు పోయే మన నారాయణఖేడ్ దిక్కు కూలీ కొడుకు కూడ అదే ధర కట్టాలె.

పైసలు పోతె పోనీ అనొచ్చు. అదే రాత్రి పానం పోయింది. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య థియేటర్ కాడ తొక్కిసలాట అయింది. 35 ఏండ్ల తల్లి చనిపోయింది. ఆమె కొడుకు, చిన్న పిలగాడు, నెలల తరబడి దవాఖానల ఉన్నడు. ఆ ఆటకు హీరో కూడ వచ్చిండు. కేసులు పెట్టిండ్రు, అరెస్టులు అయినయి. ఎవని తప్పు ఎంత అనేది తేల్చేది కోర్టు, మనం కాదు. కానీ ఆ థియేటర్‌కు పోయిన కుటుంబం ఏం తప్పు చేసింది? పిలగాడు హీరోను ఇష్టపడ్డడు, తల్లిదండ్రులు టికెట్ కొన్నరు. ఇంతే గదా.

ఆ జాగ మీకు కొత్తది కాదు. సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్లకు కూతవేటు దూరంలనే అశోక్‌నగర్, చిక్కడపల్లి. గ్రూప్స్‌కు చదివే తెలంగాణ పల్లెల పిల్లలు ఇరుకు రూముల ఉండేది, లైబ్రరీల పొద్దంత కూసునేది అక్కడ్నే. మన దిక్కు నుంచి పోయినోళ్లు కూడ ఉన్నరు. నోటిఫికేషన్ కోసం ఏండ్లు ఎదురు చూసినోడు ఒక్క పూట సినిమాకు పోతడు. తొక్కిసలాట అంటే పేపర్ల వార్త మాత్రమే కాదు. అది మన రూం ముందటి రోడ్డు.

అటెన్క ఏమైందో కూడ యాదికి పెట్టుకోవాలె. 2024 డిసెంబర్ 21న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీల నిలబడి, ఇగ బెనిఫిట్ షోలు లేవు, రేట్ల పెంపు లేదన్నరు. నెల తిరగకముందే, 2025 జనవరిల ‘గేమ్ ఛేంజర్’కు తెల్లారగట్ల ఆటకు, పెంచిన ధరకు అనుమతి వచ్చింది. హైకోర్టు అడిగేసరికి అనుమతిని వాపస్ తీసుకున్నరు. జూలైల ‘హరిహర వీరమల్లు’కు మళ్ల పెంచిండ్రు. సెప్టెంబర్‌ల ‘ఓజీ’ ముందస్తు ఆటకు 800 రూపాయల ధర పెట్టిండ్రు. పిటిషన్ పడితే హైకోర్టు సింగిల్ జడ్జి ఆ ఉత్తర్వును నిలిపేసిండ్రు. చట్టసభల చెప్పిన మాట ఒక్క యేడు కూడ నిలబడలేదు. ఎందుకు నిలబడలేదు? అడిగే నిర్మాతకు సంఘం ఉన్నది. పంపిణీదారుకు సంఘం ఉన్నది. థియేటర్ యజమానికి సంఘం ఉన్నది. హీరోకు అభిమాన సంఘం ఉన్నది. టికెట్ కొనేటోనికి మాత్రం సంఘం లేదు. అభిమాన సంఘంల ఉన్నది మనమే, కానీ అది హీరో కోసం పనిచేస్తది, మన కోసం కాదు.

ఇంకో ముచ్చట. మొదటి రోజు కోసం కట్టే ఫ్లెక్సీలు. 2020 సెప్టెంబర్‌ల చిత్తూరు జిల్లా కుప్పం దిక్కు పవన్ కళ్యాణ్ పుట్టినరోజు బ్యానర్ కడుతుంటె కరెంటు తగిలి ముగ్గురు చనిపోయిండ్రు. 2024 జనవరిల కర్ణాటక గదగ్ జిల్లాల యశ్ పుట్టినరోజుకు కటౌట్ నిలబెడుతుంటె ఇంకో ముగ్గురు పోయిండ్రు. హీరోలు కుటుంబాలకు సాయం చేసిండ్రు. మంచిదే. కానీ పోయిన కొడుకు రాడు. ఇనుప చట్రం, తడి కట్టె, పైన పోయే తీగ. ఈ మూడు ఒక్క కాడ కలిస్తె హీరో పేరు ఏదైనా ఒక్కటే.

ఇప్పుడు మన మాట సంగతి. మొదటి ఆటకు గొంతు చించుకునే మనకు ఆ తెర మీద ఏ వేషం దొరికింది? 1985ల వచ్చిన ‘ప్రతిఘటన’ల విలన్ మాట్లాడింది తెలంగాణ యాస. ఆ వేషం వేసిన కోట శ్రీనివాసరావు గొప్ప నటుడు, దాంట్ల అనుమానం లేదు. ఆయన కృష్ణా జిల్లా మనిషి. రాసినోళ్లకు రౌడీ అంటే మన మాట గుర్తుకొచ్చుడే అసలు సంగతి. అటెన్క ఏండ్ల తరబడి రౌడీకి, తాగుబోతుకు, పనిమనిషికి మన యాస. హీరోకు మాత్రం ఒడ్డు అవతలి మాట. 1992ల ‘మొండి మొగుడు పెంకి పెళ్ళాం’ల విజయశాంతి నాయికగ ఈ యాస మాట్లాడితే అదో వింత లెక్క చెప్పుకున్నరు.

ఈ సంగతి మారింది. కానీ ఉత్తగనే మారలేదు. 2012 అక్టోబర్‌ల ‘కెమెరామెన్ గంగతో రాంబాబు’ వచ్చినప్పుడు ఉద్యమాన్ని కించపరిచే సీన్లు ఉన్నయని తెలంగాణోళ్లు లేచిండ్రు. థియేటర్ల ఆటలు ఆగినయి. కొన్ని సీన్లు కోసిండ్రు. ఆ పద్ధతి మీద ఎవల అభిప్రాయం వాళ్లకు ఉండొచ్చు. కానీ కుర్చీల కూసున్నోనికి కూడ ఒక నోరు ఉంటదని పరిశ్రమకు ఆ వారం ఎరుకైంది. 2017ల ‘ఫిదా’ వచ్చింది. మనకు దగ్గరి బాన్సువాడ పిల్ల మన యాసల మాట్లాడుకుంట నాయిక అయింది. 2023ల ‘దసరా’ల హీరో నాని, ‘భగవంత్ కేసరి’ల బాలకృష్ణ మన మాట మాట్లాడిండ్రు. పెద్ద హీరో సినిమాకు మొదటి ఆటల మన మాట ఇని ఈల ఏసే రోజు వచ్చింది. అది ఎవలో దయతోని ఇచ్చింది కాదు.

అదే 2023 మార్చిల ‘బలగం’ వచ్చింది. దానికి కటౌట్లు లేవు, పాలాభిషేకాలు లేవు, అర్ధరాత్రి ఆటలు లేవు. చూసినోడు చూడనోనికి చెప్పిండు. ఊర్లల్ల తెర కట్టి, ముసలోళ్లు, ఆడోళ్లు, పిల్లలు చాపలేసుకోని ఒక్క కాడ కూసోని చూసిండ్రు. బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మల పాటకు ఊర్లకు ఊర్లే ఏడ్చినయి. తెగిన అన్నదమ్ములు మళ్ల మాట్లాడుకున్నరని ఊరూర చెప్పుకున్నరు. మొదటి రోజు లేకుండ కూడ సినిమా బతుకుతదని ‘బలగం’ చూపెట్టింది.

మొదటి రోజు ఒక్కటే ఉంటే థియేటర్ కూడ బతకదు. 2024 మే నెలల సినిమాలు లేక తెలంగాణల సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది దినాలు బంద్ పెట్టిండ్రు. 2025ల అద్దె వద్దు, వసూళ్లల్ల వాటా కావాలెనని థియేటరోళ్లు కొట్లాడిండ్రు. రెండేండ్లకు ఒక్క సినిమా తీసే హీరోల మీద, నాలుగు రోజుల రద్దీ మీద బతికే థియేటర్, మిగిలిన రోజులు గోదాము లెక్క పడి ఉంటది. అది మూత పడితే మనం ఇంకింత దూరం పోవాలె.

మరి అభిమానాన్ని ఏం చెయ్యాలె? పక్క రాష్ట్రం దిక్కు చూడుండ్రి. మనకు అది పరాయి జాగ కాదు. 1956 దాక నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలనే ఉండె. కన్నడ రాజ్‌కుమార్ 2006ల పోతె కండ్లు దానం చేసిండు. ఆయన కొడుకు పునీత్ 2021 అక్టోబర్‌ల పోతె ఆయన కండ్లు నలుగురికి చూపు ఇచ్చినయి. అటెన్క కర్ణాటకల కండ్లు దానం చేస్తమని వేలమంది పేర్లు రాసిచ్చిండ్రు. మన తెలుగుల చిరంజీవి 1998ల పెట్టిన బ్లడ్ బ్యాంకుకు నెత్తురిచ్చింది అభిమానులే. అంటే అభిమానికి శక్తి ఉన్నది. కటౌట్ మీద పోసిన పాలు మోరిల కలుస్తయి. ఇచ్చిన నెత్తురు ఒక మనిషిల పారుతది.

గందుకే మేం నాలుగు మాటలు మీ ముందట పెడుతున్నం. ఒకటి, రాసిన ధరకంటె ఎక్కువ తీసుకుంటె రశీదు దాచుకోని అడుగుడు. ఒక్కనిగ కాదు, పదిమంది కలిసి సంతకం పెట్టి తహసీల్దార్‌కు ఇచ్చుడు. రెండు, చిన్న పిల్లలను రాత్రి ఆటకు, మొదటి రోజు గుంపుకు తోలుకపోవుడు బంద్. పదహారేండ్ల లోపు పిల్లలను రాత్రి 11 దాటినంక ఆటలకు రానియ్యొద్దని 2025 జనవరిల హైకోర్టు అన్నది. మల్టీప్లెక్సులోళ్లు పోయి అడిగితే అటెన్క సడలించింది. కోర్టు సడలించినా తల్లిదండ్రులు సడలించొద్దు. మూడు, కరెంటు తీగ కింద ఫ్లెక్సీ కట్టుడు బంద్. నాలుగు, పెద్ద సినిమాకు మొదటి రోజు పోయినోడు, మన బతుకు చూపెట్టిన చిన్న సినిమాకు ఎనిమిదో రోజన్న పోవాలె. లేకుంటె గసొంటియి తీసెటోడు మిగలడు.

తమ్ముళ్లారా, వచ్చే పండుగకు కొత్త సినిమా వస్తది. మీరు పోతరు. పోండ్రి. టికెట్ మీద ధర ఎంతున్నదో చూడుండ్రి. లోపలికి పోంగనే బయటికి దారి ఎటున్నదో చూడుండ్రి. మన మాట ఎవని నోట్లె పెట్టిండ్రో చూడుండ్రి. గీ మూడు చూసుకున్నంక ఈల ఎయ్యుండ్రి. గట్టిగనే ఎయ్యుండ్రి.