బైపోలార్ జబ్బు – ఇంటివారి పాత్ర
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



షుగరు గురించి, గుండెపోటు గురించి మన సభల్లో బాహాటంగానే మాట్లాడుకుంటాము. మనసు జబ్బు అనేసరికి గొంతు తగ్గిస్తాము, ఇంట్లో పెళ్లీడు పిల్లలుంటే మరీను. అందుకే ఈసారి బైపోలార్ జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము.

ఈ జబ్బులో మనిషి కొన్నాళ్లు పట్టరాని హుషారులో ఉంటాడు. రెండు మూడు గంటలే నిద్ర, అయినా అలసట ఉండదు. ఎడతెగని మాటలు, చేతికందిన డబ్బల్లా ఖర్చు, భూముల బేరాలు. మన తుర్కపల్లి చుట్టుపక్కల భూముల సంగతి తెలిసిందే, ఇటువంటి వేళ సంతకం పెట్టించుకునేవాళ్లకు కొదవా? మరికొన్నాళ్లు అదే మనిషి మంచం దిగడు. మొదటిది పొగరనీ, రెండవది సోమరితనమనీ, లేదా గాలి సోకిందనీ అంటాము. అవేవీ కావు, ఇది వైద్యం ఉన్న జబ్బు.

దుఆ చేయవద్దని మేము అనడం లేదు. మందు మాన్పించవద్దంటున్నాము. తమిళనాడులోని ఏర్వాడి దర్గా ఊరిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమం అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలి చనిపోయారు. 2017 చట్టం గొలుసు వేయడాన్ని నిషేధించింది. తనకు బాగోలేనప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కు కూడా రోగికి ఇచ్చింది.

ఈ జబ్బుకు లిథియం పాత మందు, 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దాని గుణాన్ని ప్రకటించాడు. మంచి మందే గాని, రక్తంలో మోతాదు మించితే విషం. అందుకే రక్తపరీక్షలు తప్పవు, కిడ్నీ, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. ఒంట్లో నీరు తగ్గితే మోతాదు పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఒంటినొప్పులకు దుకాణంలో దొరికే మాత్రలు అడక్కుండా వేసుకోకూడదు.

ఇక రంజాన్ మాట. రోజంతా నీళ్లుండవు, తరావీహ్ తర్వాత పడుకుంటే సహరీకి లేవాలి. నిద్ర చెడడమే ఈ జబ్బుకు నిప్పు. కుదురుగా ఉన్న కొందరు వైద్యుని కనుసన్నల్లో రోజాలు ఉండగలిగారు. కాని ఎవరికి తగునో నెల ముందే డాక్టరుగారినే అడగాలి. సొంతంగా మాత్రల వేళలు మార్చకూడదు. జబ్బుపడిన వారికి మినహాయింపు ఉన్నదే కదా! ఇంట్లో అమ్మీయే “నీవు మందు వేసుకో బేటా, రోజా సంగతి ఆలిమ్ సాబును అడుగుదాం” అంటే ఆ పిల్లవాడికి సిగ్గు తగ్గుతుంది. జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో నైట్ షిఫ్టు చేసేవారికీ నిద్ర విషయంలో ఇదే జాగ్రత్త.

హుషారులో ఉన్నవారితో వాదించకండి. బాగున్న రోజుల్లోనే కూర్చుని, ఏ గుర్తు కనబడితే డాక్టరు దగ్గరికి పోవాలో, చెక్కుబుక్కు ఎవరి దగ్గరుండాలో మాట్లాడుకోండి. చావాలన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి.

ఎర్రగడ్డ పేరెత్తితే నవ్వేవారున్నారు, నవ్వనివ్వండి. అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 14416కు ఫోను చేస్తే రాత్రింబవళ్లు ఉచితంగా మాట్లాడతారు. రోగి కోసమే కాదు, రాత్రులు మేలుకుని చూసుకునే ఇల్లాలు తన కోసమూ చేయవచ్చు.

ఖుదా హాఫిజ్.